ఇటు సున్నా, అటు పది

మంగళవారం ఉదయం 6.40కి ఎనిమిదేళ్ల పిల్ల చనిపోయింది.

మూడు వారాలుగా కడుపునొప్పి. తిన్నది ఇమడలేదు. ఆ తెల్లవారుజామున ఒళ్లు కొయ్యబారి ఫిట్స్ వచ్చాయి. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

మంచం మీద ఆ పిల్ల కుడిచేతి చూపుడు వేలు ఇంకా పెదవుల దగ్గరే ఉంది. పై వరసలో ముందు పన్ను లేదు. ఆ సందులో వేలు పెట్టుకోవడం దానికి అలవాటు. వీధి వీధంతా దాన్ని 'తొర్రి' అనే పిలిచేది. అలా పిలిస్తే ఉడుక్కునేది కాదు, పిలవకపోతేనే అలిగేది.

మధ్యాహ్నం ఆసుపత్రి డాక్టర్ పిల్ల చిగుళ్ల మీద సన్నటి నీలిగీత చూశాడు. "సీసంలా ఉంది" అన్నాడు, ఇంటివాళ్ల ఎదురుగానే. పోలీసులకి ఫోన్ చేశాడు.

గురువారం ఉదయం 9.10కి పోస్ట్‌మార్టమ్ రిపోర్టు ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వచ్చింది. రక్తంలో సీసం. ఏ పిల్ల ఒంట్లోనూ ఉండకూడనంత.

"విషప్రయోగమే కదా సార్?" అన్నాడు రైటర్. స్టేషన్‌లో కాగితమన్నదల్లా అతని చేతి మీదుగానే నడుస్తుంది.

"నీ పెన్ను నీకంటే ముందు పరుగెడుతుందయ్యా. కాస్త ఆగు."

ఆగాల్సిన అవసరం మాత్రం ఎవరికీ కనిపించలేదు. పిల్ల అమ్మమ్మ అప్పటికే బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కన్నతల్లి నాలుగేళ్ల క్రితం జబ్బు చేసి పోయింది. తండ్రి ఏడాదిన్నర క్రితం మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇక చెప్పేదేముంది? సవతి తల్లి అన్న మాట వినబడితే చాలు, లోకానికి సగం కేసు తేలిపోయినట్టే.

"అదే బాబూ, అదే చంపింది," అంది ముసలమ్మ. "దానికిప్పుడు నాలుగో నెల. తన బిడ్డకి అడ్డమని నా బంగారాన్ని పొట్టన పెట్టుకుంది."

"నువ్వు చూశావా అమ్మా?"

"రోజూ పాలల్లో ఏదో పొడి కలిపేది."

"ఏం పొడి?"

"అడిగితే కడుపునొప్పికి అంది. ఇంకోటి చెప్పనా? మంగళవారం సాయంత్రం పిల్ల శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఈవిడగారు పెరట్లో కూర్చుని తొర్రి వేసుకున్న మొక్కలన్నీ పీకి పారేసింది! ఏడవాల్సిన మనిషి తోటపని చేస్తుందా?"

ఆ చివరి మాట ఇన్‌స్పెక్టర్‌కి ముల్లులా గుచ్చుకుంది. ఆయన లేచి టోపీ తీసుకున్నాడు.

10.30. రెండు గదుల ఇల్లు. వెనక చిన్న పెరడు. ఒక కుళాయి, ఒక బట్టలుతికే రాయి. నేల నల్లగా, గట్టిగా, చదునుగా ఉంది. మూలన ఇటుకలు పేర్చి చేసిన చిన్న మడి. దాని మీద నీలం రంగు టార్పాలిన్ కప్పి ఉంది. నాలుగు మూలలా బరువుకి రాళ్లు.

తండ్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే వర్క్‌షాపులో అతను కొలిమి మనిషి.

"ఆ పని ఎన్నేళ్ల నుంచి?"

"పదకొండేళ్లు సార్."

"మరి సీసం ఇంటికి ఎలా వచ్చింది?"

"రాలేదు సార్! నేను తేలేదు." అతను తల అడ్డంగా ఊపాడు. "పిల్ల పుట్టిన రోజు నుంచి అక్కడే స్నానం చేసి వస్తున్నాను. పని బట్టలు అక్కడే. చెప్పులు కూడా వేరే. సీసం మంచిది కాదని మాకు తెలుసు సార్. ఒక్కరోజు కూడా తప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ వర్క్‌షాపు వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"వాడా? వాణ్ని మేం స్నానాల రాయుడంటాం సార్," అన్నాడు వాచ్‌మన్. "చలికాలంలో అందరూ చేతులు తుడుచుకుని పరుగెడితే, వాడొక్కడు సబ్బుతో గోళ్లు తోముకుంటూ కూర్చునేవాడు. ఎందుకురా అంటే, మా తొర్రి ఎదురొచ్చి చేతులు పట్టుకుంటుంది అనేవాడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి సవతి తల్లి వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లుండవు. రెండు రోజులుగా తల దువ్వుకున్నట్టు లేదు. గోళ్ల కింద నల్లటి మట్టి.

"మొక్కలెందుకు పీకావమ్మా?"

"చూడలేక."

"టార్పాలిన్ ఎందుకు కప్పావు?"

ఆమె వంగి, పక్కకి జరిగిన రాయిని మళ్లీ టార్పాలిన్ మూల మీదికి జరిపింది.

"పాలల్లో పొడి సంగతేంటి?"

"డాక్టర్ రాసిచ్చిందే సార్. సీసా అదిగో."

రైటర్ ఒక్కొక్కటీ స్వాధీనం చేసుకుని జాబితా రాశాడు. పాల గ్లాసు ఒకటి. పొడి సీసా ఒకటి. చెంచా ఒకటి. స్కూలు నోట్‌బుక్ ఒకటి. మట్టితో ఉన్న బిస్కెట్ డబ్బా ఒకటి. చివరి రెండింటి పక్కన 'పనికిరానివి' అని రాసుకున్నాడు.

మధ్యాహ్నం 1.15కి ఆమె తనంతట తానే స్టేషన్‌కి వచ్చింది.

"నేనే చేశాను సార్. రాసుకోండి."

రైటర్ పెన్ను మూత తీశాడు.

"ఏం చేశావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సోమవారం పాలల్లో సీసం కలిపాను."

"ఎంత?"

"ఒక చెంచా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"సీసం ఎక్కడిది?"

"ఎక్కడిదైతే ఏం సార్? చేశానంటున్నాను కదా. ఆయన్ని మాత్రం ఇంకేమీ అడక్కండి. పెరట్లో ఏమీ లేదు. మీరు మళ్లీ రావక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్ ఆమెని మంచినీళ్లు తాగమని పక్క గదిలో కూర్చోబెట్టాడు. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశాడు.

"ఒక చెంచా, ఒక్కసారి. కుదురుతుందా డాక్టర్?"

"కుదరదు. మోకాళ్ల ఎక్స్‌రే చూశాను. ఎముకలో తెల్లటి గీతలున్నాయి. అవి ఒక్కరోజులో వచ్చేవి కావు. నెలల తరబడి, రోజూ కొంచెం కొంచెంగా లోపలికి పోయింది."

"అదే ఇంట్లో పెద్దవాళ్లు బాగానే ఉన్నారే?"

"పెద్దవాళ్లు మింగిన సీసంలో పదోవంతు ఒంటికి పడుతుంది. పిల్లలకి సగం పడుతుంది. పైగా పెద్దవాళ్లు నోట్లో వేలు పెట్టుకోరు కదా."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

"అబద్ధం చెబుతోందయ్యా," అన్నాడు రైటర్‌తో. "చంపినవాళ్లు చంపలేదని బుకాయిస్తారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. చంపని మనిషి చంపానని ఎందుకు అంటుంది?"

"ఎవర్నో కాయడానికి సార్. మొగుణ్నే అయ్యుంటుంది."

"అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి కదా. పెరట్లో ఏమీ లేదని నేనడక్కుండానే ఎందుకు చెప్పింది? ఆ సామాన్లు ఇలా పట్రా. అన్నీ."

2.00. గ్లాసులో ఏమీ లేదు. సీసా మీద ఉన్నది కడుపునొప్పి మందు పేరే. ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరిచాడు.

గుండ్రటి అక్షరాలు. పేజీ మధ్యలో స్కేలుతో కొట్టిన గీత. గీతకి ఒక పక్క 'ఇటు: నా మట్టి', ఇంకో పక్క 'అటు: స్కూలు మట్టి'. పైన బిస్కెట్ డబ్బా బొమ్మ. డబ్బాలో పురికొసల్లాంటివి పది.

'మొదటిసారి. రెండు రోజులు ఆగి లెక్కపెట్టాను. ఇటు 0. అటు 10.

రెండోసారి. ఇటు 0. అటు 10.

మూడోసారి. ఇటు 0. అటు 9. ఒకటి కనబడలేదు. పిన్ని మీద అనుమానం. పిన్నికి వానపాములంటే అసహ్యం.

కాదు. మూతకి అంటుకుని ఉంది. పిన్నికి సారీ చెప్పాను.'

ఇన్‌స్పెక్టర్ పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. పేజీ తిప్పాడు.

'నా మడిలో వదిలినా పొద్దున్నకి ఉండట్లేదు. గోడ కింద నుంచి పక్కింటికి పోతున్నాయి. పాముల మేడమ్‌కి నా మట్టి పంపించాను. పిన్ని పొట్లం కట్టింది. పిన్ని కూడా లెక్కపెట్టింది. పిన్నికి కూడా ఇటు సున్నానే వచ్చింది.'

"ఏమయ్యా," అన్నాడు మెల్లగా. "ఇది పనికిరానిదని రాసిందెవరు?"

రైటర్ తల దించుకున్నాడు.

స్కూలుకి ఫోన్ చేస్తే పాముల మేడమ్ ఎవరో తెలిసింది. మట్టి పరీక్షల కేంద్రంలో వానపాముల మీద పనిచేసే సైంటిస్టు. మూడు నెలల క్రితం వచ్చి పిల్లలకి ఒక పరీక్ష చేసి చూపించింది. డబ్బాలో సగం ఒక మట్టి, సగం ఇంకో మట్టి, మధ్యలో అట్టముక్క. అట్ట తీసి, నడిమధ్య పది పాముల్ని వదలాలి. రెండు రోజుల తర్వాత ఎటు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి.

3.05. ల్యాబ్‌లో అల్మారాల నిండా డబ్బాలు. తడి మట్టి వాసన. యాభై దాటిన ఆ సైంటిస్టు నోట్‌బుక్ చూస్తూ నిలబడిపోయింది.

"వానపాముకి కళ్లు లేవు, ముక్కు లేదు," అంది. "ఒళ్లంతా నాలుకే అనుకోండి. చర్మంతోనే ఊపిరి, చర్మంతోనే రుచి. మట్టిలో సీసం, రాగి, కాడ్మియం లాంటివి కొద్దిగా ఉంటే ఉండిపోతుంది. తింటూ ఒంట్లో దాచుకుంటుంది. బక్కచిక్కుతుంది, గుడ్లు తగ్గిపోతాయి. మరీ ఎక్కువైతే పారిపోతుంది. దారి లేకపోతే చస్తుంది. పదికి పది, మూడుసార్లూ ఒకటే పక్క... ఇంత శుభ్రమైన ఫలితం మా స్టూడెంట్లకే రాదు."

"మీకు పొట్లం పంపిందట."

ఆమె నోట్‌బుక్ బల్ల మీద పెట్టింది. కిటికీ పక్క అరలో ఉత్తరాల కింద చెయ్యి పెట్టింది. నోట్‌బుక్ కాగితంలో చుట్టి, దారంతో కట్టిన పొట్లం బయటికి వచ్చింది. కట్టు విప్పలేదు.

దాని మీద రాసి ఉంది: 'మేడమ్, నా పాములు ఎందుకు వెళ్లిపోతున్నాయి? తొందరగా చెప్పండి.'

"ఎప్పుడొచ్చింది?"

"ఆరు వారాలైంది." ఆమె దారం ముడిని వేలితో నిమిరింది. "పిల్లల పొట్లాలు బోలెడు వస్తాయి. పని తెమిలాక చూద్దాంలే అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ పొట్లం తీసుకుని కట్టు విప్పాడు. ఆమెని తప్పు పట్టడానికి ఆయన స్టేషన్ మాత్రం ఏం వెలగబెట్టింది కనుక?

మట్టిని చిన్న గిన్నెలో నొక్కి మిషన్ కింద పెట్టారు. రెండు నిమిషాల్లో అంకె వచ్చింది. మామూలు మట్టిలో కిలోకి ఇరవయ్యో ముప్పయ్యో మిల్లీగ్రాములుండాల్సిన సీసం, ఇందులో తొమ్మిది వేలు దాటింది.

తండ్రి సీసం కొలిమి మనిషని విన్నాక, జీపులో సైంటిస్టు అడిగింది. "ఆ తండ్రికి చెప్పకుండా ఉండలేమా?"

"నాకూ అలాగే ఉంది మేడమ్. కానీ ఆ ఇంట్లో ఇంకో ప్రాణం ఉంది. నాలుగో నెల."

5.30. పెరట్లో నలుగురిని నిలబెట్టాడు ఇన్‌స్పెక్టర్. తండ్రి. స్టేషన్ నుంచి వెంట తీసుకొచ్చిన సవతి తల్లి. అమ్మమ్మ. సైంటిస్టు. రైటర్ రెండు బకెట్లు దింపాడు.

"ఆవపిండి కలిపిన నీళ్లు," అంది సైంటిస్టు. "నేల మీద పోస్తే ఒళ్లు మండి పాములు పైకొస్తాయి."

ముందు గోడ అవతల, పక్కింటి జాగాలో పోసింది. పది నిమిషాల్లో పద్నాలుగు పాములు పైకొచ్చాయి. తర్వాత టార్పాలిన్ తీసి తొర్రి మడిలో పోసింది. పావుగంట ఆగారు. ఒక్కటీ రాలేదు.

"తొర్రి కూడా ఇదే లెక్క రాసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇటు సున్నా, అటు పది. గోడకి అటు మంచి మట్టి, ఇటు విషం. పిల్ల రోజూ ఇందులోనే ఆడింది. ఆ చేతులే నోట్లో పెట్టుకుంది. ఎవరూ పాలల్లో ఏమీ కలపలేదమ్మా."

చివరి మాట ముసలమ్మతో అన్నాడు. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. ఈ ప్రశ్న అడగడానికి ఆయనకి నోరు రాలేదు. అయినా అడిగాడు.

"ఈ పెరడు ఎప్పుడూ ఇలా చదునుగానే ఉండేదా?"

"లేదు సార్. పల్లం. వాన పడితే మోకాలి లోతు బురద. పోయిన ఏడాది తొర్రి జారి ఈ రాయి మీద పడింది. అప్పుడే పన్ను విరిగింది. ఇంకోసారి పడకూడదని నేనే మెరక చేశాను."

"దేంతో?"

"సార్, వద్దు!" సవతి తల్లి అడ్డొచ్చింది. "మీకు దండం పెడతాను. నన్ను రాసుకోమన్నాను కదా. నన్ను తీసుకెళ్లిపోండి."

తండ్రి ఆమె వైపు అయోమయంగా చూసి, అడిగినదానికి జవాబు చెప్పాడు.

"చిట్టెంతో సార్. సీసం తీసేశాక కొలిమిలో మిగిలే నల్ల పెళ్లలు. గేటు పక్కన కుప్ప పోస్తారు, కావలసినవాళ్లు పట్టుకుపొమ్మంటారు. పన్నెండు బస్తాలు సైకిల్ మీద మోశాను. దంచి, పరిచి, పైన కాస్త మట్టి జల్లాను."

"దాన్లో సీసం ఉండదా?"

"పిండేశాక మిగిలిందే కదా సార్ చిట్టెం. పిప్పిలో రసం ఎక్కడుంటుంది? మేమంతా అదే..."

మాట ఆగిపోయింది.

అతను మడి వైపు చూశాడు. గోడ అవతల ఇంకా కదులుతున్న పాముల వైపు చూశాడు. తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ఎనిమిదేళ్లుగా గోళ్లు తోముకుని శుభ్రంగా ఇంటికి తెచ్చిన చేతులవి.

"నేనేనా?" అన్నాడు. "సార్, నేనేనా?"

అతను నేల మీద కూలబడి చేతులతో ఆ నల్లటి నేలని గీకడం మొదలుపెట్టాడు. రైటర్ వెళ్లి వెనక నుంచి పట్టుకున్నాడు. ఆ మనిషి పెట్టిన కేక విని పక్కింటి తలుపులు తెరుచుకున్నాయి.

సవతి తల్లి ఉతికే రాయి పక్కన కూర్చుండిపోయింది.

"డాక్టర్ సీసం అనగానే నాకు తెలిసిపోయింది సార్," అంది. "పొట్లం నేనే కట్టాను కదా. వర్క్‌షాపు నుంచి ఈ ఇంటికి వచ్చింది ఆ బస్తాలొక్కటే. పిల్ల పోయిందన్న బాధకి ఆయన బతుకుతాడు. తానే చంపుకున్నానన్న బాధకి బతకడు. అందుకే ఆ మడి ఎవరి కంటా పడకూడదనుకున్నాను. నేను జైలుకి పోతే పోయేదేముంది సార్?"

"నీ కడుపులో బిడ్డ పోయేదమ్మా. రేపు అది కూడా ఈ మట్టిలోనే ఆడేది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నువ్వు మౌనంగా ఉంటే ఈ చిట్టెం మాత్రం మౌనంగా ఉంటుందా?"

ముసలమ్మ ఇంతసేపూ రాయిలా నిలబడి ఉంది. ఇప్పుడు మెల్లగా కదిలింది. వంగి సవతి తల్లి రెక్క పట్టుకుంది.

"లే. ఇక్కడ కూర్చోకు, కడుపుతో ఉన్నదానివి," అంది. కుళాయి తిప్పి, ఆమె రెండు చేతులూ నీళ్ల కింద పెట్టి, ఒక్కో గోరూ కడిగింది. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. నీళ్లు నల్లగా పోయినంతసేపూ కడుగుతూనే ఉంది.

6.20కి తండ్రి కాస్త నెమ్మదించాడు. ఇన్‌స్పెక్టర్ అతని పక్కన కింద కూర్చున్నాడు.

"వర్క్‌షాపు యజమాని మీద కేసు పెడతాను. రేపే. కానీ ముందు ఒక్క సంగతి చెప్పు. ఆ చిట్టెం ఇంకెవరైనా ఇంటికి తీసుకెళ్లారా?"

"అందరం సార్."

"ఎన్ని ఇళ్లు?"

"పద్నాలుగు." వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "పిల్లలున్నవి తొమ్మిది."

ఇన్‌స్పెక్టర్ లేచాడు. అతను కూడా గోడ పట్టుకుని లేచాడు.

"నేనూ వస్తాను సార్. పోలీసులు చెబితే వాళ్లు నమ్మరు. పిప్పిలో ఏముంటుందని నవ్వుతారు. నేను చెబితే నమ్ముతారు."

జీపు ఎక్కేముందు అతను నోట్‌బుక్ వైపు చెయ్యి చాపాడు.

"మా తొర్రి అందులో ఏం రాసింది సార్?"

"లెక్క రాసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడుసార్లూ ఒక్క తప్పు లేకుండా. ఆ లెక్కే తొమ్మిది ఇళ్లకి దారి చూపిస్తోంది."

"ఇంకేమీ రాయలేదా?"

"లేదు."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఒక తండ్రికి ఇలా అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. స్వాధీనం చేసుకున్న వస్తువుల్ని కోర్టు ఎప్పటికి తిరిగి ఇస్తుందో దేవుడికే తెలియాలి. ఆ ఆలస్యాన్ని ఎన్నోసార్లు తిట్టుకున్న మనిషికి ఈ ఒక్కసారి అది మంచిదే అనిపించింది.

జీపు మొదటి ఇంటి ముందు ఆగింది. తండ్రి దిగి తలుపు తట్టాడు. లోపల పిల్లల గొంతులు వినబడుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ జీపులోనే ఉండి నోట్‌బుక్ చివరి పేజీ ఇంకోసారి తెరిచాడు.

'పాములకి బొత్తిగా తెలివి లేదు. ఇది మా నాన్న నా కోసం మోసుకొచ్చిన మట్టి. నేనైతే ఇక్కణ్నించి ఎక్కడికీ పోను.'

"దిగుదామా సార్?" అన్నాడు రైటర్.

"ఒక్క నిమిషం ఆగవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.